తెల్లబడ్డ హైడ్రాలు

జూలై 3

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు అబద్ధాలకోరువి. ఎదురుగా నిలబడి అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. అందుకని పోస్టులో పంపుతున్నావు.

"నీ గది నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉందక్కా. నీ హైడ్రాలు కూడా కులాసా. ఆ పచ్చదనం పోయి తెల్లగా, అందంగా తయారయ్యాయి. ఒంటినిండా బుడిపెలు లేచాయి, పిల్లల్ని పెట్టేటట్టున్నాయి" అని రాశావు. నన్ను సంతోషపెడదామనే రాశావు, కాదనను. కానీ నువ్వు దాచిందంతా ఆ జంతువులు చెప్పేశాయి.

నా కిటికీ గట్టు మీద నీళ్ళ సీసాలో ఉన్నవి పచ్చ హైడ్రాలు. ఆ పచ్చరంగు వాటి సొంతం కాదు. హైడ్రా ఒళ్ళంటే రెండు పొరల సంచి, మధ్యలో కాస్త జిగురు, అంతే. ఆ లోపలి పొర కణాల్లో నాచు కణాలు కాపురముంటాయి. వెలుతురు పడినంతసేపూ అవి చక్కెర తయారుచేసి, చోటిచ్చిన హైడ్రాకి పెడతాయి. వెలుతురు ఆగితే నాచు తగ్గిపోతుంది, హైడ్రా పాలిపోతుంది. అది అందంగా తయారవడం కాదురా, పాలిపోవడం. నువ్వు పైనుంచి తిండికి డాఫ్నియా నీటిపురుగులు వేస్తున్నావు కాబట్టి ఇంకా చావలేదు.

అంటే నా కిటికీ మూసేశావు. వానలో కూడా మూయని కిటికీ. ఎందుకు మూస్తారు? పగలు నిద్రపోయే మనిషెవరో ఆ గదిలో ఉంటే మూస్తారు. ఎవర్ని అద్దెకి దించావు? నేను తిరిగొచ్చేదాకా ఆ గది అలాగే ఉంటుందని మెట్ల మీద నిలబడి మాటిచ్చింది నువ్వే కదా?

నేనిక్కడికి విహారానికి రాలేదు. పిల్లలకి బతికున్న జంతువు అక్కర్లేదు, తెరమీద బొమ్మ చాలు అని మా కాలేజీవాళ్ళు ల్యాబ్ పీకేసి, అక్కడ తల్లిదండ్రులు కూచోడానికి సోఫాల హాలు కడతామంటే, కాదని పత్రికలో రాశాను. రాసినందుకు ఈ ఊళ్ళో ఉన్న వాళ్ళ శాఖలోకి విసిరేశారు. ఇక్కడ నా పని ఏమిటో తెలుసా? చీకటి చేసిన క్లాసులో మీట నొక్కడం. గోడమీద హైడ్రా వస్తుంది, పిల్లలు చూసి గీస్తారు. మొన్న అడిగాను, "హైడ్రా ఎంత ఉంటుందమ్మా?" అని. ముందు వరసలో పిల్ల లేచి, "గోడంత మేడమ్" అంది. వెనకనుంచి ఒకడు, "కాదు మేడమ్, అది జూమ్ చేసింది. అసలుది కుక్కంత ఉంటుంది" అన్నాడు. నవ్వాలో గోడకి తల కొట్టుకోవాలో తెలీలేదు. బియ్యపు గింజంత ప్రాణి అది! భాగాలన్నీ కరెక్టుగా గుర్తించారు, అందరికీ ఫుల్ మార్కులు.

నా గది సంగతి అడిగావు. పెద్దదే. గాలి బాగా వస్తుంది. కిందనుంచి ఏ చప్పుడూ లేదు.

భూతద్దం పెట్టి చూసి రాయి. ఆ బుడిపెలు పైన ఉన్నాయా, కింద ఉన్నాయా? వాటికి చేతులొచ్చాయా? సొంత కవిత్వం లేకుండా రాయి.

నీ అక్క


జూలై 11

అక్కా,

నమస్కారంతో మొదలుపెడదామనుకున్నాను. నువ్వు తిట్టుతో మొదలుపెట్టావు కాబట్టి చెల్లుకి చెల్లు.

నీ గదిలో ఎవరూ లేరు. ఒట్టు. ఎండ ఎక్కువగా ఉందని కిటికీ మూశాను, అంతకంటే ఏమీ లేదు. ఇంటావిడ మాత్రం రోజూ అడుగుతోంది, "మీ అక్క లేదుగా మాస్టారూ, పై గదికి ఎవరినైనా చూడనా?" అని. "మా అక్క సామానుంది" అన్నాను. "సామానంటే ఆ నీళ్ళ సీసానా?" అని వెటకారం. మనిద్దరికీ సంబంధాలు చూసి చూసి అలిసిపోయిన మనిషి కదా, ఇప్పుడు గదికైనా సంబంధం కుదర్చాలని ఆవిడ తాపత్రయం.

ఇక నీ బుడిపెలు. భూతద్దం పెట్టి, సీసా మెట్లమీదకి తెచ్చి చూశాను. చాలావాటికి చేతుల కిందే, మెడ దగ్గర, కాలరు కింద గుండీల్లా మొనదేలి ఉన్నాయి. కొన్నింటికి నడుము కింద ఒక్కటే, కాస్త పెద్దది, గుండ్రంగా ఉంది. దేనికీ చేతులు రాలేదు. నీళ్ళ అడుగున కొంచెం మడ్డి ఉంది. పాపం నీ జంతువులు సగం ముడుచుకున్నాయి, నన్ను చూసి సిగ్గుపడ్డాయేమో.

నీ కొత్త గది పెద్దదని, గాలి వస్తుందని, చప్పుడు లేదని రాశావు. చదివి స్థిమితపడ్డాను. ఇన్నేళ్ళూ కింద నా కుట్టుమిషన్ టకటకల మధ్య పేపర్లు దిద్దుకున్నావు. ఒక్కనాడూ ఆపమనలేదు. ఇప్పుడైనా హాయిగా ఉన్నావు.

ఒక సంగతి చెప్పాలి. మొన్న నీ ప్రిన్సిపాల్ గంటాయన వచ్చాడు. కోటు బిగుతైందట. కాలేజీలోలా కొట్టడానికి బల్లమీద గంట లేదు కాబట్టి నా కత్తెర తీసి రెండుసార్లు టేబుల్ మీద కొట్టి కూచున్నాడు. నేను నడుము దగ్గర కుట్లు విప్పి పిన్నులు పెడుతుంటే, "మీ అక్కగారు తెలివైనదే మాస్టారూ, కోపమే చెరుపు. పొరపాటైందని రెండు వాక్యాలు రాసి ఇస్తే వచ్చే నెలే వెనక్కి తెప్పిస్తాం. మీరు చెప్పండి, మీ మాట వింటుంది" అన్నాడు. నా నోట్లో పిన్నులున్నాయి. "ఊఁ" అన్నాను. అంతే జరిగింది.

చెప్పకుండా ఉంటే మళ్ళీ అబద్ధాలకోరునంటావని చెప్పాను.

భోజనం వేళకి చెయ్యి.

తమ్ముడు


జూలై 19

తమ్ముడూ,

నోట్లో పిన్నులుంటే మాట్లాడలేకపోవచ్చు. తల అడ్డంగా ఊపడానికి ఏం అడ్డమొచ్చింది?

ముందు హైడ్రాల సంగతి. పిల్లలు పుట్టేటట్టున్నాయని మురిశావు. ఒరేయ్, హైడ్రా సుఖంగా ఉన్నప్పుడు పిల్లని కనడానికి ఎవరి అవసరమూ ఉండదు. నడుము కింద ఒక మొగ్గ వేస్తుంది. దానికి చేతులొస్తాయి, నోరొస్తుంది. తల్లి తిన్న తిండే రెండు కడుపుల్లోనూ తిరుగుతుంది, ఎందుకంటే ఆ రెండు కడుపులూ ఒక్కటే. చివర్లో పిల్లకి సొంత పాదం తయారవుతుంది, విడిపోతుంది. తల్లి ఒంటిమీద మచ్చ కూడా మిగలదు.

దేనికీ చేతులు రాలేదన్నావు, అంటే నువ్వు చూసినవి మొగ్గలు కావు. మెడ దగ్గర మొనదేలినవి మగ భాగాలు. నడుము కింద గుండ్రటిది అండం. నీళ్ళు మురిగినప్పుడు, ఊపిరాడనప్పుడు, ఇక ఈ చోట తన బతుకు సాగదని తోచినప్పుడు వేస్తుంది వాటిని. పైన వెలుతురు లేదు, అడుగున మడ్డి. అంటే కిటికీ మూయడమే కాదు, నువ్వు నీళ్ళు మార్చడం కూడా మానేశావు. గదిలోకే వెళ్ళడం లేదు. సీసా తలుపు పక్కకి జరిపి, సందులోంచి చెయ్యి పెట్టి పురుగులు విదిలించి వస్తున్నావు. కాదని రాయి చూద్దాం.

ఎందుకని రాత్రీ పగలూ ఆలోచించాను. నాకు ఒకటే తోస్తోంది. ఇంటావిడ మాటకి నీ మనసు సగం ఒప్పుకుంది. గది ఖాళీ అవ్వాలి, అక్క సామాను దానంతటదే పోవాలి, నీ మీద మాట రాకూడదు. మరోపక్క గంటాయనతో "ఊఁ". అక్క ఇంటికి రావాలంటే ముందు వంగాలి. గది ఖాళీ చేస్తావు, నన్ను రమ్మంటావు! ఏ కొలతకి కుడుతున్నావురా నువ్వు?

ఆ రెండు వాక్యాలు నేను రాయను. మన పాఠ్యపుస్తకాల్లో ఈ జీవుల్ని ఏమంటారో తెలుసా? నిమ్న జీవులు. ఎవడికంటే నిమ్నం? గుండె లేదు, నెత్తురు లేదు, ఊపిరితిత్తులు లేవు, మెదడు లేదు, కాబట్టి కింది మెట్టు అట. మనుషుల్ని మెట్లమీద పేర్చడం అలవాటైన బుర్రలు నీళ్ళలో పురుగుల్ని కూడా మెట్లమీదే పేరుస్తాయి. మెదడు లేకపోవడం లోటా? దాని ఒళ్ళంతా నాడుల వల. ఒక చేతిని సూదితో తాకు, ఒళ్ళంతా ముడుచుకుంటుంది. ఎక్కడ నొప్పెడితే అక్కడి కబురు అంతటికీ అందుతుంది. మా కాలేజీకి తల ఉంది, గంట ఉంది. ల్యాబ్ పీకేస్తుంటే పక్క డిపార్టుమెంటుకి చీమ కుట్టినట్టయినా లేదు. ఏది నిమ్నం చెప్పు.

ఇదే రాశాను పత్రికలో. ఇందులో ఏ వాక్యం పొరపాటో గంటాయన గుర్తుపెట్టి చూపిస్తే, అప్పుడు ఆలోచిస్తాను.

హాయిగా ఉన్నానని నువ్వు తేల్చేశావు. సంతోషం. ఇక్కడ సాయంత్రాలు పేపర్లు దిద్దుతూ మధ్యలో ఆగి నేలకేసి చూస్తుంటాను. ఎందుకో చెప్పను. నీకు అర్థం చేసుకునే ఓపిక లేదు.

అక్క


జూలై 23

అక్కా,

సీసా ఖాళీ.

నీ ఉత్తరం వచ్చేసరికే అయిపోయింది. తిట్టిన తిట్లన్నీ చదివి, నీళ్ళు మారుద్దామని పైకి వెళ్ళాను. ఒక్కటి కూడా లేదు. గోడలకి లేవు, అడుగున లేవు. భూతద్దంతో మూలమూలా వెతికాను. గోధుమరంగు నలుసులు, మడ్డి, అంతే. కిందకి తెచ్చి కాలవలో పారబోశాను. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నీ బల్లమీద బోర్లించాను. నువ్వొచ్చి చూసేటప్పటికి కనీసం సీసా శుభ్రంగా ఉండాలని.

ఇక అబద్ధానికి పనిలేదు కాబట్టి చెబుతున్నాను. నువ్వు చెప్పింది నిజం, నేను గదిలోకి వెళ్ళడం మానేశాను. కానీ ఎవర్నో దించడానికి కాదు.

నీ కిటికీలోంచి కాలేజీ గేటు కనిపిస్తుంది. నాకు తెలీదు. నా కొట్టు రెండోవైపుకి తిరిగి ఉంది, ఇన్నేళ్ళలో సాయంత్రం పూట నేను నీ గదిలో ఎప్పుడున్నాను? నువ్వెళ్ళాక పురుగులు వెయ్యడానికి సాయంత్రం పైకెక్కేవాణ్ణి. గంట కొట్టేవాళ్ళు. లెక్చరర్లు బయటికొచ్చేవాళ్ళు. నువ్వు ఎవరితోనో వాదిస్తూ గేటు దాటి, మలుపు దగ్గర ఆగి, అక్కడ గెలిచి, ఆ తరవాతే ఇంటికొచ్చేదానివన్నమాట. ఇది నాకు ఎలా తెలుసంటే, నీతో ఓడిపోయినాయన, ఆ లెక్కల సారు, ఇప్పటికీ మలుపు దగ్గర అలవాటుగా ఒక్క క్షణం ఆగుతాడు. పక్కకి చూసి, ఎవరూ లేరని వెళ్ళిపోతాడు.

నేనూ ఆయన పోయేదాకా చూసేవాణ్ణి. తరవాత వాచ్‌మన్ గేటు వేసేదాకా చూసేవాణ్ణి. కింద కస్టమర్లు "మాస్టారూ, మాస్టారూ" అని పిలిచి పోయేవాళ్ళు. ఒకావిడ జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆవిడ తొడుక్కుని, "మాస్టారూ, నా కుడిచెయ్యి వెనక్కి పోతోంది" అని ఏడుపుమొహంతో నిలబడింది. ఇంటావిడ చూసి వీధంతా చెప్పింది. ఆ రోజే కిటికీ మూశాను. హైడ్రాలకి వెలుతురు కావాలని నాకు తట్టలేదు. నాకు ఆ గేటు కనపడకపోతే చాలనిపించింది.

నువ్వేమో గాలి బాగా వస్తుందని, చప్పుడు లేదని రాశావు. అంత బాగున్నదాన్ని రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

కోపంలో అసలు ముక్క మర్చిపోయాను. ఇది అందగానే చదువు, మిషన్ మీద పెట్టి మర్చిపోకు.

హైడ్రాలు కనపడకుండా పోతే సీసా పారబొయ్యకు. అడుగున గోధుమరంగు నలుసులుంటాయి. మడ్డి కాదు, అవి గుడ్లు. గట్టి పెంకు కట్టుకుని తల్లినుంచి రాలిపోయి కూచుంటాయి. తల్లి చచ్చినా అవి చావవు. మంచి నీళ్ళొచ్చేదాకా, వెలుతురొచ్చేదాకా ఆగుతాయి. వానతొట్టిలో తేరిన నీళ్ళు మెల్లగా పొయ్యి. కిటికీ తెరువు. గదిలో ఎవరున్నా సరే, తెరువు.

తరవాత పోట్లాడుకుందాం.

అక్క


జూలై 30

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

నీది చదివి కాలవ దగ్గరకి పరిగెత్తాను. భూతద్దం పట్టుకుని మోకాళ్ళమీద కూచున్నాను. ఇంటావిడ పైనుంచి, "ఏం పోయింది మాస్టారూ, ఉంగరమా?" అంది. "గుడ్లు" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి మొగుణ్ణి పిలుచుకొచ్చింది. ఇద్దరూ కలిసి, ఒంటరిగా ఉంటే ఇలాగే అవుతుందన్నట్టు చూశారు. నీళ్ళు పారిపోయాయి. సబ్బు నురగ కూడా మిగల్లేదు. నీ చేత్తో ఇన్నేళ్ళు పెంచినదాన్ని నేను శుభ్రంగా కడిగి చంపాను.

ఆ రెండు వాక్యాలు రాయకు. నువ్వు రాస్తావేమోనని లోపల ఒక ఆశ ఉండేది, కాదనను. కానీ నువ్వు రాసి వచ్చిన రోజున మలుపు దగ్గర ఎవరితోనూ వాదించకుండా తిన్నగా ఇంటికొస్తే, ఆ మనిషిని నేనేం చేసుకోను?

ఇప్పుడు హైడ్రాలు కూడా లేవు. వాటి కోసమైనా వస్తావనుకున్నాను. నీ గది సంగతి నువ్వే చెప్పు. ఇంటావిడకి సరేననమంటే అంటాను. నీ పుస్తకాలు తడవకుండా కట్టి పంపుతాను.

తమ్ముడు


ఆగస్టు 5

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని కూచున్నాను. స్టాఫ్ రూములో ఒకావిడ, "ఇంటినుంచి చెడ్డ కబురా?" అని అడిగింది. "మా తమ్ముడు రెండూ ఎడమ చేతులే కుట్టాడండీ" అన్నాను. అని, ఏడ్చాను. ఆవిడ పాపం మంచినీళ్ళు తెచ్చింది, టైలరింగ్ గురించి ఇంతగా బాధపడే మనిషిని చూడలేదన్నట్టు.

తెల్లబడ్డదాన్ని చూసి కిటికీ మూశావని పట్టాను. బుడిపెలు చూసి నీళ్ళు మార్చలేదని పట్టాను. అక్కడికి శాస్త్రం కరెక్టు. ఎందుకు మూశావో మాత్రం జంతువు చెప్పదు, నేను ఊహించాను. ఊహించి నిన్ను దొంగని చేశాను. నువ్వూ తక్కువ తినలేదు. చప్పుడు లేదని రాస్తే హాయి అనుకున్నావు. ఒరేయ్ దద్దమ్మా, పెడల్ చప్పుడు కింద వినపడితేనే నా చేతిలో పెన్ను కదిలేది. ఇక్కడ నిశ్శబ్దంలో దిద్దిన పేపర్లన్నీ తప్పులు, మార్కులు కూడి మళ్ళీ కూడుతున్నాను.

హైడ్రాల కోసం దుఃఖం ఉంది, లేదనను. కానీ నువ్వు ఎవర్నీ చంపలేదు. నాచు పట్టిన ఏ నీటిమడుగులో చూసినా వాటి చుట్టాలుంటాయి. నాకు మండిపోతున్నది వేరే. హైడ్రా ఒకచోట అతుక్కుని ఉంటుందని రాసే పిల్లలకి నేను మార్కులు తగ్గిస్తాను. అది అతుక్కుంటుంది, నిజమే. కానీ ఆ చోటు పనికిరాకపోతే వంగి, చేతులు నేలకానించి, పాదం వదిలేసి, పిల్లిమొగ్గ వేస్తుంది. వేసి ఇంకోచోట పాదం మోపుతుంది. ఇరవై ఏళ్ళుగా బల్లగుద్ది చెబుతున్న పాఠం ఇది. చెబుతూ, ఆ మెట్లే ఇల్లని, ఆ గేటే దారని, గంటాయన తలూపితేనే మనిద్దరం ఒకచోట భోంచేస్తామని కూచున్నాను. నువ్వూ అంతే. వెనక్కి వెళ్ళడం ఒక్కటే దారని మనకి ఎవరు చెప్పారు? వాళ్ళు చెప్పారు. మన ఇద్దరి సాయంత్రాల మీద వాళ్ళ పెత్తనం ఏమిటి? నన్ను బదిలీ చేశారు, నిన్ను చెయ్యలేదు. నిన్ను చేసేంత అధికారం వాళ్ళకి లేదు. నాకుంది.

నా గది సంగతి చెప్పమన్నావు కదా. చెబుతున్నాను. ఇవి సలహాలు కావు, డిమాండ్లు. బేరం లేదు.

1. కిటికీ తెరిచి పెట్టు. గేటు కనపడితే కనపడనీ.

2. గంటాయన కోటు పూర్తిచేసి ఇచ్చెయ్. ఇచ్చేటప్పుడు నోట్లో పిన్నులు తీసి, "మా అక్క రాయదు" అని చెప్పు. ఈ మూడు మాటలే చెప్పు, ఎక్కువ చెబితే మెత్తబడతావు.

3. ఇంటావిడకి పై గది ఇచ్చెయ్. కింది కొట్టు కూడా ఇచ్చెయ్.

4. కొత్త బట్టలు ఒప్పుకోకు. ఉన్నవి కుట్టి ఇచ్చెయ్. ఆవిడ జాకెట్టుకి కుడిచెయ్యి పెట్టు.

5. మిషన్ తల వేరుగా, స్టాండు వేరుగా కట్టించు. తల నీ ఒళ్ళో పెట్టుకుని తీసుకురా.

6. ఇక్కడ హాస్టల్ ఎదురుగా ఒక కొట్టు ఖాళీగా ఉంది, మాట్లాడి ఉంచాను. ఈ ఊరి పిల్లలందరి గౌన్ల అంచులూ ఊడి వేలాడుతున్నాయి. పనికి కరువు లేదు. కొట్టు మీద గది ఉంది, అది నాది.

7. లెక్కల సారుకి నా నమస్కారం చెప్పు. మలుపు దగ్గర ఆ రోజు ఆయన చెప్పిందే కరెక్టని చెప్పు. ఏ రోజని అడిగితే, ఆయన్నే ఎంచుకోమను.

8. బస్సు దిగాక దారి అడుగుతూ తిరక్కు. దిగినచోటే నిలబడు. నేను వస్తాను.

అక్క